అరువు పలుకు

గిరిజాపతి అడుగుతున్న ప్రశ్న సగంలో ఆగిపోయింది.

"ఆ గొడౌను తలుపు మీ అరుగు మీంచి కనపడదు. కనపడని తలుపు తెరిచుందని మీకు..."

అక్కడితో సరి. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. సాక్షి వైపు చాచిన చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. విశాఖపట్నం కోర్టు హాల్లో అందరూ అతని వైపే చూస్తున్నారు. వెనక బెంచీలో అతని భార్య శర్వాణి కూర్చుని ఉంది. భర్త చెవి వెనక చర్మానికి అంటుకుని ఉన్న బిళ్ళలో సిస్టమ్ బిగుసుకుపోయిందని ఆమెకి వెంటనే తెలిసిపోయింది. ఆ బిళ్ళని తయారుచేసిన వాళ్ళలో ఆమె ఒకతె.

అవతలి పక్షం లాయరు సన్యాసిరావు లేచి నిలబడి, "మావాడికి కొంచెం మంచినీళ్ళు ఇప్పించండి సార్," అన్నాడు జడ్జిగారితో. ఏళ్ళ తరబడి ఒకరినొకరు చీల్చి చెండాడుకుంటున్న మనుషులు వాళ్ళిద్దరూ. అతను ఎగతాళి చేసినా బాగుండేది. జాలిపడ్డాడు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. జడ్జిగారు వాయిదా వేశారు.

కారెక్కాక గాని గిరిజాపతికి మాట తిరిగి రాలేదు. వచ్చిన మాట వరదలా వచ్చింది.

"ప్రశ్న నా గొంతులో ఉంది శర్వా. బయటకి రాదు. ఎలగుంటాదో తెలుసేటి నీకు? అందరూ నన్నే చూస్తన్నారు. నేను అందర్నీ చూస్తన్నాను. బొమ్మల కొలువులో బొమ్మ నయం."

"చూస్తానండీ. ఇన్నేళ్ళ చెత్త పేరుకుపోయింది దాంట్లో. ఇంకోసారి శుభ్రం చేస్తే..."

"ఎన్నిసార్లు ఊడుస్తావు? కిందటి నెల్లో ఊడ్చావు. ఏటయింది? మొత్తం చెరిపీ. మళ్ళీ మొదట్నించి ఎక్కించీ. కంప్యూటర్లకి చెయ్యవేటి ఆ పని?"

"అది కంప్యూటర్ కాదు కదండీ."

"మరేటది, తాళిబొట్టా?"

శర్వాణికి నవ్వొచ్చింది. ఆయనతో వాదించి నెగ్గినవాళ్ళు లేరు. విజయనగరం మనిషి. మాట ముందు, మర్యాద తరవాత. ఆమెది తెనాలి. ఎవరినైనా నొప్పించాల్సి వస్తుందేమోనని దారి మార్చుకుని వెళ్ళే రకం. పెళ్ళయిన కొత్తల్లో ఆయన, "నీ పోనీలెండి ఎక్కడికి పోతాదో ఓసారి చూడాలే," అని వెక్కిరించేవాడు. ఆమె దానికీ పోనీలెండి అనేది.

ఆ మాటలన్నీ ఒక రోజు ఉదయం కోర్టు మెట్ల మీద పోయాయి. మెదడులో నరం చిట్లింది. మనిషి బతికాడు, కాళ్ళూ చేతులూ బాగున్నాయి. ఎవరేం చెప్పినా అర్థమవుతుంది. తను చెప్పదలుచుకున్నదీ లోపల ఉంటుంది. దానికి తగిన మాట మాత్రం దొరకదు. నోటికే కాదు, చేతికీ దొరకదు. పేపరూ పెన్నూ ఇస్తే గీతలు గీసి విసిరికొట్టేవాడు.

శర్వాణి పనిచేసే ల్యాబ్‌లో అప్పటికే పలుకు బిళ్ళ మీద పని జరుగుతోంది. మనిషి చెప్పదలుచుకున్నది ఏమిటో మెదడులోని కదలికని బట్టి పసిగట్టి, దానికి సరిపడే మాట వెతికి, గొంతుకి అందించే యంత్రం అది. మాట వెతకడానికి దానికొక పటం కావాలి, ఏ కదలికకి ఏ మాట అన్నది. గిరిజాపతి ఆ పటాన్ని తనే కట్టుకున్నాడు. బిళ్ళ ఒక మాట అంటుంది, ఆయన తల అడ్డంగా ఊపుతాడు. ఇంకోటి అంటుంది, మళ్ళీ అడ్డంగా ఊపుతాడు. మూడోదో పదోదో సరిపోతుంది. అలా రెండేళ్ళు, మాట వెంట మాట. వంకాయ దగ్గర మొదలుపెట్టి వకాల్తా దాకా వచ్చాడు. ఏటి, ఎలగ, బేగి అనే మాటలన్నీ తిరిగొచ్చాయి. ఆ వెటకారమూ తిరిగొచ్చింది. నల్లకోటు మళ్ళీ తొడుక్కున్న రోజు శర్వాణి బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చింది.

ఆ పటం ఇప్పుడు చెత్త పేరుకున్న ఆ బిళ్ళ డిస్క్ మీదే ఉంది.

ల్యాబ్ పెద్ద డాక్టర్ ఇందుశేఖర్ ఒప్పుకున్నాడు. "పాత సిస్టమ్‌ని మనం వదిలేసి చాలాకాలమైంది. అయినా నీ ఇంటి పని, నువ్వే చేసుకో. పటానికి కాపీ తీసుకోవడం మర్చిపోకు."

ఆమె మర్చిపోలేదు. కాపీ తీసింది. తీసినది సరిగ్గా ఉందో లేదో తెరిచి చూసుకుంది. భర్త మాటలన్నీ వరసగా స్క్రీన్ మీద కనిపించాయి. చెరిపెయ్యమంటారా అని ఆయన్ని చివరిసారిగా అడిగింది.

"కానీ. అయ్యేలోగా కేంటీన్లో ఇడ్లీ ఉందేమో కనుక్కోమను ఎవర్నేనా," అన్నాడు గిరిజాపతి.

డిస్క్ ఖాళీ అయింది. గిరిజాపతి కుర్చీలో వెనక్కి వాలి, నిశ్శబ్దంగా ఇడ్లీ తిన్నాడు.

పాత సిస్టమ్ ఎక్కడం మొదలుపెట్టి కాస్త దూరం వెళ్ళి ఆగింది. సంతకం చెల్లదంది. సిస్టమ్‌ని ఎక్కించే ఇన్‌స్టాలర్ మీద ల్యాబ్ వేసిన డిజిటల్ సంతకానికి గడువు దాటిపోయింది. శర్వాణి కంగారుపడలేదు. బిళ్ళలో గడియారాన్ని పాత సంవత్సరానికి తిప్పింది. సంతకం చెల్లింది. మళ్ళీ ముందుకు కదిలి, ఈసారి చివరికంటా వచ్చి నిలిచిపోయింది. మిగిలిన ఫైళ్ళు సర్వర్ నుంచి రావాలి. ఆ సర్వర్‌ని ల్యాబ్ ఎప్పుడో తీసేసింది. పాత కంప్యూటర్లలో, గదుల్లో పడేసిన డిస్కుల్లో ఆ ఫైళ్ళ కోసం వెతికింది. సగం దొరికాయి. సగం సిస్టమ్‌తో ఎవరు మాట్లాడతారు?

కొత్త సిస్టమే దిక్కయింది. అది అసలు డిస్కే కనిపించడం లేదంది. డిస్కుని ముక్కలుగా పంచే పాత పద్ధతి దానికి తెలీదు. ఆమె ఆ పంపకాన్ని చెరిపి కొత్త పద్ధతిలో మళ్ళీ చేసింది. అప్పుడు కనిపించింది, ఎక్కింది, ఆకుపచ్చ దీపం వెలిగింది. శర్వాణి కళ్ళు తుడుచుకుని భర్త వంక చూసి నవ్వింది. ఆయన బొటనవేలు పైకెత్తాడు.

పటం ఇవ్వమని సిస్టమ్ అడిగింది. ఆమె కాపీని ఇచ్చింది.

తాళం వేసి ఉంది, తెరవలేనంది.

తను తెరిచి చూసిన ఫైలే అది. రెండోసారి ఇచ్చింది. మళ్ళీ అదే జవాబు. అప్పుడు అర్థమైంది శర్వాణికి. ఆవేళ ఆ కాపీ తెరుచుకున్నది, పక్కనే బిళ్ళ తగిలించి ఉంది గనక. తాళంచెవి బిళ్ళలోనే ఉంది. పాత సిస్టమ్ ప్రతి మనిషి పటానికీ తనంతట తనే ఒక తాళం వేసి, చెవిని తన డిస్కులోనే దాచుకునేది. రోగి మాటలు పరాయివాళ్ళ చేతిలో పడకూడదని చేసిన ఏర్పాటు. ఆ ఏర్పాటు వద్దన్నవాళ్ళు ల్యాబ్‌లో ఎవరూ లేరు. ఆమె కూడా మంచి ఆలోచనే అంది.

ఇల్లు కూల్చేటప్పుడు తాళంచెవి లోపలే మర్చిపోయింది. ఇప్పుడు ఇల్లూ లేదు, చెవీ లేదు. ఎవరూ తెరవలేని పెట్టె ఒకటి మిగిలింది.

అయినా వారాల తరబడి ఆ పెట్టెతో కుస్తీ పట్టింది. చెరిగిన డిస్క్ అడుగున ఏదైనా ఆనవాలు మిగిలిందేమోనని గీకి చూసింది. తను చెరిపిన తీరు నిఖార్సుగా ఉంది. పైన మళ్ళీ రెండు సిస్టములు ఎక్కించడానికి చూసింది కూడా. ఏమీ మిగల్లేదు.

ఇంట్లో గిరిజాపతి ఫోన్ మోగితే తీసి ఆమె చేతికిచ్చేవాడు. ఉప్పు కావాలంటే లేచి వెళ్ళి తెచ్చుకునేవాడు. టీవీలో ఎవరో తప్పు సెక్షన్ చెబితే మీదికి లేచి, వేలు చూపించి, నోరు తెరిచి, కూర్చునేవాడు.

ఒక సాయంత్రం ఆయన ఎదురుగా నేలమీద కూర్చుని, మోకాలి మీద చెయ్యి వేసి, జరిగింది జరిగినట్టు చెప్పింది శర్వాణి. తాళం సంగతీ, చెవి సంగతీ, తను చూసుకోకపోవడం సంగతీ. మళ్ళీ మొదటినుంచీ నేర్చుకోవచ్చు గాని, దెబ్బ తగిలిన కొత్తల్లో మెదడుకి ఉండే పట్టు ఇప్పుడు ఉండదని డాక్టర్లు అన్న మాట కూడా దాచలేదు.

గిరిజాపతి అంతా విన్నాడు. ఆమె చేతిని తన మోకాలి మీంచి తీసి, ఆమె ఒళ్ళోనే పెట్టేసి, లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయాడు.

దారి చూపించింది ఇందుశేఖరే.

"కొత్త సిస్టమ్‌కి మాటలు నేర్పక్కర్లేదు శర్వాణీ. ఆరోగ్యంగా ఉన్న ఏ మనిషి పటమైనా సరే, దాన్నే వాడుకుంటుంది. మన దగ్గర సంపూర్ణంగా ఉన్న తెలుగు పటం ఒక్కటే. నీది."

ఆమెకి గుర్తొచ్చింది. కొత్త సిస్టమ్ కడుతున్నప్పుడు నెత్తిన వైర్ల టోపీ పెట్టుకుని నెలల పాటు మాట్లాడుతూ కూర్చుంది. వంట, వాన, చుట్టాలు, ఆఫీసు, ఏది నోటికొస్తే అది.

"నా మాటలతో ఆయన మాట్లాడతారా?"

"మాటలు ఎవరివైతేనేం? ఆలోచన ఆయనది."

అడిగితే గిరిజాపతి గబగబా తల ఊపాడు. ఒకసారి కాదు, నాలుగైదుసార్లు.

బిళ్ళ పెట్టారు. దీపం వెలిగింది. ల్యాబ్‌లో అందరూ చుట్టూ మూగారు. గిరిజాపతి గొంతు సవరించుకున్నాడు. అదే బొంగురు గొంతు, అదే కోర్టు గొంతు.

"ఏవండీ," అన్నాడు శర్వాణితో. "కాసిని మంచినీళ్ళు ఇస్తారా? శ్రమ అనుకోకపోతే."

అందరూ గొల్లున నవ్వారు. చప్పట్లు కొట్టారు. శర్వాణి కూడా కన్నీళ్ళలోంచి నవ్వింది. గిరిజాపతి ఒక్కడే నవ్వలేదు. తన పెదాలని వేళ్ళతో తడిమి చూసుకున్నాడు.

ఇంట్లో కొన్నాళ్ళు అది వేడుకగానే ఉంది. ఆయన ఆమెని మీరు అంటాడు. కూరలో కారం ఎక్కువైతే, "బాగానే ఉందండీ, కాస్త మజ్జిగ పోసుకుంటే సరిపోతుంది," అంటాడు. పాలవాడు ఆలస్యంగా వస్తే, "పోనీలెండి, ఆయనకి ఏం ఇబ్బందో," అంటాడు. పాలవాడు బెదిరిపోయి మర్నాడు తొందరగా వచ్చాడు.

వాయిదా రోజు వచ్చింది. శర్వాణి మళ్ళీ వెనక బెంచీలో కూర్చుంది. అదే సాక్షి బోనెక్కాడు. గిరిజాపతి లేచాడు. కాగితాలు పక్కన పెట్టాడు. ఆ కళ్ళలో ఆమెకి పాత నిప్పు కనిపించింది.

"తప్పుగా అనుకోకండి," అన్నాడు గిరిజాపతి సాక్షితో. "మీరు చెప్పింది నిజమే అయ్యుండొచ్చు. కాకపోతే అరుగు మీంచి తలుపు కనిపించడం కొంచెం కష్టమేమోనని... మీకు కనిపించిందంటే కనిపించే ఉంటుందిలెండి."

సాక్షి ఊపిరి పీల్చుకున్నాడు. "కనిపించింది బాబూ," అన్నాడు.

"సరేనండి. థాంక్సండి."

సన్యాసిరావు తల దించుకుని కాగితాలు సర్దుకుంటున్నాడు. కేసు అక్కడే పోయింది. ఆ నెలాఖరుకి కక్షిదారులు ఒక్కొక్కరే వచ్చి, మొహమాటపడుతూ ఫైళ్ళు పట్టుకెళ్ళారు. ప్రతి ఒక్కరితోనూ గిరిజాపతి, "ఫర్వాలేదండీ, మీరేం అనుకోకండి," అన్నాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం శర్వాణి ఉండబట్టలేకపోయింది. భోజనాల బల్ల దగ్గర ఆయన ఎదుట కూర్చుని, "నన్ను తిట్టండి," అంది.

ఆయన తలెత్తాడు.

"నా చేతుల్లో పెట్టారు. నేను చూసుకోలేదు. రెండేళ్ళ మీ కష్టం ఒక్క మీట నొక్కి తుడిచేశాను. మీరైతే ఏమనేవారు? విజయనగరం భాషలో కడిగేసేవారు కదా. కడగండి."

గిరిజాపతి మొహం ఎర్రబడింది. మెడ మీద నరం పొంగింది. పిడికిలి బిగించి బల్ల మీద ఒక్కటి గుద్దాడు. గ్లాసు దొర్లి కింద పడింది. ఆయన నోరు తెరుచుకుంది.

"అయ్యో, అదేం లేదండీ," అంది ఆ నోరు. "మీరు మాత్రం ఏం చేస్తారు చెప్పండి? జరిగేదేదో జరిగింది. పోనీలెండి."

ఆయన మళ్ళీ గుద్దాడు. కళ్ళు ఆమెని నిలువునా కాల్చేస్తున్నాయి.

"మీరు మనసు కష్టపెట్టుకోకండి. కాఫీ పెట్టనా?"

ఇక మాట్లాడకుండా రెండు చేతులతో తన నోరే మూసుకున్నాడు గిరిజాపతి.

ఎవరి మీదైనా తనకి కోపం వస్తే తను సరిగ్గా ఇవే మాటలు అంటుందని శర్వాణికి అప్పుడే తట్టింది. ఆయన కోపాన్ని యంత్రం సరిగ్గానే పట్టుకుంది. దానికి తగిన మాట కోసం అది ఆమె పటమంతా వెతికింది. దొరికినవి అవే.

కొత్త బిళ్ళని లోకానికి చూపించే సభ తలపెట్టాడు ఇందుశేఖర్. గిరిజాపతిని మాట్లాడమని అడగడానికి ఇంటికొచ్చాడు. గిరిజాపతి లేచి నిలబడి, గుమ్మం వైపు వేలు చూపించబోతూ, "మీ ఇష్టమండీ. మీరింతగా అడిగితే కాదంటానా?" అన్నాడు. వేలు సగంలో దిగిపోయింది.

"ఆయనకి ఇష్టం లేదు సార్," అంది శర్వాణి.

"ఇప్పుడేగా ఒప్పుకున్నారు? నువ్వు మరీను."

సభలో గిరిజాపతి చాలాసేపు మాట్లాడాడు. ల్యాబ్ వాళ్ళ దయ గురించీ, భార్య ఓర్పు గురించీ, తనకి ఏ లోటూ లేదనీ. ఆ మాటల్లో ఎక్కడ ఆగి ఎక్కడ నవ్వాలో కూడా శర్వాణికి ముందే తెలిసిపోతోంది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆమె పక్క సీటావిడ కళ్ళు ఒత్తుకుని, "ఎంత సంస్కారం!" అంది.

ఆయన స్టేజీ దిగి వచ్చి, జనం మధ్యలోనే, చెవి వెనక గోరు పెట్టి బిళ్ళని ఊడబెరికాడు. చర్మం చీరుకుని చిన్న నెత్తుటి చుక్క మొలిచింది. బిళ్ళని శర్వాణి చేతిలో పెట్టి, ఆమె వేళ్ళని మూశాడు. మళ్ళీ ఏనాడూ పెట్టుకోలేదు.

మర్నాడు ఇందుశేఖర్ ఫోన్ చేశాడు. "అంత బాగా మాట్లాడినవాడు తీసేయడమేమిటి? సంతోషంగా ఉందని ఆయనే అన్నారు కదా!"

"ఆయన అనలేదు సార్. నేనన్నాను."

"సరేలే. నీ పటం మాత్రం మాకు ఉండాలి. నాలుగు ఆస్పత్రులు అడుగుతున్నాయి. మెత్తటి మాట. రోగి విసుక్కోడు, తిట్టడు. ఇంట్లోవాళ్ళకి ఎంత హాయో తెలుసా? వాళ్ళే ఇలాంటిది కావాలంటున్నారు."

శర్వాణి వద్దని చెప్పాలనుకుంది. తన పటం ఎవరికీ పెట్టవద్దని, అలా పెడితే కోర్టుకెక్కి కేసు వేస్తానని చెప్పాలనుకుంది. "ఒకసారి ఆలోచించండి సార్," అంది. అవతల ఫోన్ పెట్టేశాడు. ఆమె ఉద్యోగం మానేసింది. పటం ల్యాబ్‌లోనే ఉండిపోయింది, వాడుకోవచ్చని ఆమె ఎప్పుడో సంతకం పెట్టి ఇచ్చిందే.

వానాకాలం మొదట్లో సన్యాసిరావు చూడ్డానికి వచ్చాడు. జీడిమామిడి పప్పు పొట్లం బల్ల మీద పెట్టి, గిరిజాపతి పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మాట్లాడని మనిషితో ఎలా మాట్లాడాలో తెలియక కాసేపు కోర్టు కబుర్లు చెప్పాడు. కొత్త జడ్జికి చెవుడని, కేంటీన్ మారిందని. గిరిజాపతి తల ఊపుతూ విన్నాడు.

"ఆ బొబ్బిలి కేసు గుర్తుందా అమ్మా?" అన్నాడు సన్యాసిరావు శర్వాణి వైపు తిరిగి. "అందరి ముందూ నన్ను ఒక్క మాటన్నాడు మీ ఆయన. కోర్టంతా పడీ పడీ నవ్వింది. ఇంటికొచ్చి చెప్పే ఉంటాడు."

చెప్పాడు. భోజనం చేస్తూ చెప్పాడు. ఆ రోజు పొలమారేదాకా ఇద్దరూ నవ్వారు. ఆయన చెయ్యి ఊపిన తీరు కూడా ఆమెకి కళ్ళకి కట్టినట్టుంది.

"గుర్తులేకపోవడమేమిటండీ," అంది శర్వాణి నవ్వుతూ. "సన్యాసిరావు గారూ, మీరు చెప్పింది బాగానే ఉంది గానండీ, మీ సాక్షిని ఇంకొక్కసారి అడిగి చూస్తే..."

ఆగిపోయింది.

"అలగనలేదమ్మా," అన్నాడు సన్యాసిరావు ఆశ్చర్యంగా. "అలగెందుకంటాడు ఈయన?" లేచి నిలబడ్డాడు. ఒంటి మీద నల్లకోటు లేకపోయినా దాన్ని సర్దుకున్నట్టు భుజాలు ఎగరేశాడు. వేలు చాచాడు. "ఏటి సన్యాసిరావూ! నీ సాక్షికి కళ్ళున్నాయి, నీకు నోరుంది, మద్దిన నిజమొక్కటే నేదు. బేగెల్లి అదీ పట్రా, అప్పుడు మాటాడుకుందాం! ఇదీ అన్నది."

గిరిజాపతి పగలబడి నవ్వాడు. ఎన్ని నెలలకో. కుర్చీ చెయ్యి మీద చరుస్తూ, కళ్ళమ్మట నీళ్ళు కారుతుండగా, తల ఊపుతూ నవ్వాడు. అవును, అదే, అదే అన్నట్టు సన్యాసిరావు చెయ్యి పట్టుకుని ఊపాడు.

శర్వాణి ఆ మాటని లోపల ఆయన గొంతుతో అనిపించడానికి చూసింది. గొంతు వచ్చింది. దాని వెనక మాట రాలేదు. ఇంకో మాట కోసం వెతికింది. పెళ్ళిచూపుల్లో ఆయన అన్నది, పోట్లాడుకున్నప్పుడు అన్నది, జ్వరంలో కలవరించింది. అన్నీ వచ్చాయి. అన్నింటిలోనూ ఆయన ఆమెని మీరు అంటున్నాడు.

"ఇంకొక్కసారి చెప్పండి సన్యాసిరావు గారూ," అంది.

అతను నవ్వుతూ మళ్ళీ లేచి, వేలు చాచి, మళ్ళీ అదే అన్నాడు. ఆమె పెదాలు అతనితో పాటే కదిలాయి.

"ఇంకొక్కసారి."

సన్యాసిరావు నవ్వు ఆపి, ఏం చెయ్యమంటావన్నట్టు గిరిజాపతి వైపు తిరిగాడు. గిరిజాపతి నవ్వడం ఎప్పుడో మానేశాడు. భార్య పెదాల వంకే చూస్తున్నాడు.